కానాను కాలనీకి నీళ్ళొస్తాయా

ఆళ్ళగడ్డ,
12 నవంబరు 1978

గుల్జార్‌కు,

నువ్వు, జిలాని అన్న, పిల్లలు బాగున్నారని తలుస్తాను. మేం బాగున్నామని రాయడానికి ఈసారి నాకు మనసు రావడం లేదు. పోయిన నెల వక్కిలేరు పొంగి మా వీధిలోకి వచ్చింది. పొద్దున బడికి బయలుదేరుతూ తలుపు తీస్తే నీళ్ళు గడప దగ్గరున్నాయి. నేను పుస్తకాల సంచి కింద పెట్టేలోపల ఇంట్లోకి వచ్చేశాయి. ఆ నీళ్ళు ఏటి నీళ్ళయినా బాగుండేది. వీధి చివరి దొడ్లన్నీ కడుక్కుని వచ్చాయి. ఏమేం తేలుతూ వచ్చాయో నీకు రాయను.

మా కృపావతి సంగతి నీకు తెలుసు. ఆరేళ్ళప్పుడు జ్వరంలో కాళ్ళు పడిపోయినప్పటి నుంచి మంచమే దానికి ఇల్లు. పక్కింటి హన్నమ్మా నేనూ కలిసి మంచం మీద బడి బల్ల వేసి, దాని మీద దాన్ని కూర్చోబెట్టాం. మధ్యాహ్నం దాకా గోడ పట్టుకుని అట్లాగే కూర్చుంది. ఒక్కమాట మాత్రం అంది. "అక్కా, సస్తే సస్తా గానీ ఈ కంపులో సావను."

నేను వేసవికి రిటైరవుతున్నాను. నంద్యాలలో ఆస్పత్రికి దగ్గరగా చిన్న ఇల్లు కట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. నువ్వూ ఆ ఊళ్ళోనే ఉన్నావు. అనుకున్నానో లేదో, మీ ఊరి సంఘపెద్ద జ్ఞానప్రకాశం మా ఇంటికి వచ్చాడు. కుందూ వంతెన దగ్గర తన పొలంలో ప్లాట్లు వేశాడట, దానికి కానాను కాలనీ అని, బైబిల్లో దేవుడు ఇస్తానన్న దేశం పేరు పెట్టాడట. నేను రిటైరవుతున్నదీ, చెల్లెలు నడవలేనిదీ అన్నీ తెలుసుకునే వచ్చాడు. ముందు ప్రార్థన చేశాడు, తర్వాత పటం పరిచాడు.

కుందూ నీళ్ళు అక్కడికి వస్తాయా అని అడిగాను. కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు. "టీచరమ్మా, కుందూ ఎంత పొంగినా ఆ పక్కకు తిరిగి సూడదు. సంఘపెద్దను, నీతో అబద్ధమాడతానా?" అన్నాడు.

ఆడడనే అనుకుంటున్నాను. అయినా నువ్వు ఒకసారి వెళ్ళి చూడు. కృపావతిని వదిలి నేను రాలేను. ఎనిమిదో తరగతిలో లెక్కలు నాకు అర్థమయ్యేదాకా నన్ను వదిలిపెట్టనిదానివి. నీళ్ళు వస్తాయని నువ్వంటే వస్తాయి, రావంటే రావు. నాకు అంతే చాలు.

నీ
దెబోరా


నంద్యాల,
26 నవంబరు 1978

దెబోరాకు,

ఇంట్లో మేం మాట్లాడేది తురకమాట, నీకు రాసేది తెలుగు. రెండు భాషల్లోనూ తిట్లు వెతుక్కుంటూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా ఆడబిడ్డ ఖాసింబీని తోడు తీసుకుని ఆ కాలనీకి పోయాను. వెదురుబొంగులతో పెద్ద వాకిలి కట్టారు. లోపల నల్లరేగడి, తెల్లసున్నం పూసిన రాళ్ళు. అంతకుమించి ఏమీ లేదు. ఆ అంచున ఒక తుమ్మచెట్టుంది. దాని కొమ్మల్లో, నా తలకంటే పైన, ఎండిన జొన్నసొప్ప, గుడ్డపీలికలు చిక్కుకుని ఉన్నాయి. కాపలావాణ్ణి అడిగితే గాలికొచ్చాయన్నాడు. తడిసి, బురద పట్టి, ఎండిన గుడ్డ గాలికెట్లా ఎగురుతుందని అడిగితే బీడీ ముట్టించుకున్నాడు.

పక్కనే గుడిసెలో సుగుణమ్మ అనే ఆమె ఉంది. నా దగ్గర రవికలు కుట్టించుకుంటుంది. "నీళ్ళా? మేం పుట్టినప్పటి నుంచి సూళ్ళా" అంది. వెనక కూర్చున్న ఆమె అత్త "ఆ యేడు…" అని ఏదో మొదలుపెట్టింది. సుగుణమ్మ గుడ్లురిమి చూసింది. "ముసిల్దానికి మతి ల్యాదు, ఇనొద్దు" అంది. ముసలామె తలకాయ దించుకుంది.

అక్కడి నుంచి తాలూకా ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా నోటినిండా ఆకువక్కతో కూర్చున్నాడు. ఫలానా జాగా వరదలో మునుగుతుందా సారూ అని అడిగితే నన్ను పైనుంచి కిందికి చూశాడు. కిటికీలోంచి ఉమ్మేసి వచ్చి, "కొనేదానికి అడుగుతాండావా, అమ్మేదానికా? అది చెప్తే దాన్ని బట్టి చెప్తా" అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆ మాట అతనికి మామూలు మాట. ఆ ఎర్రటి ఉమ్మి కిటికీ చువ్వల మీద కారుతుంటే చూడలేక బయటికొచ్చాను.

మా ఆయన్ను కూడా అడిగాను. మంచి జాగా అన్నాడు. ఆడోళ్ళు తిరిగి కనుక్కునే సంగతి కాదన్నాడు.

ఇంతవరకు రావని చెప్పినవాళ్ళే తప్ప రావని నన్ను నమ్మించినవాళ్ళు లేరు. ఎవరికీ మాట ఇవ్వొద్దు. ఇంకా అడుగుతాను.

గుల్జార్


ఆళ్ళగడ్డ,
18 డిసెంబరు 1978

గుల్జార్‌కు,

నీ ఉత్తరంలో గుమాస్తా మాట చదివి నవ్వాను. తర్వాత నవ్వినందుకు నాకే రోత పుట్టింది. పిల్లలకు రోజూ అబద్ధమాడకూడదని చెప్పేదాన్ని, అబద్ధానికి ఇంత మర్యాద ఉందని ఎరగను.

జ్ఞానప్రకాశం మళ్ళీ వచ్చాడు. పండుగకని కేకు తెచ్చాడు, కృపావతికి ఒక శాలువా కప్పాడు. ఇంటి ముందు మెట్లు లేకుండా వాలుగా కట్టిస్తాననీ, చక్రాల బండి సరిగ్గా గుమ్మం దాకా వస్తుందనీ చెప్పాడు. కృపావతి మొహం చూడాలి నువ్వు. వాకిట్లో కూర్చుని దారిన పోయేవాళ్ళను చూడొచ్చని అప్పటి నుంచి అదే మాట.

ఒక విషయం మాత్రం నాకు అర్థం కాలేదు. నేనేమీ అడగకుండానే, "ఆ తుమ్మచెట్టు మీది చెత్త గాలికి వచ్చింది టీచరమ్మా, ఎవరైనా ఏమైనా చెప్తే నమ్మొద్దు" అన్నాడు. చెట్టు సంగతి నువ్వు నాకు రాసినట్టు అతనికెట్లా తెలుసు? కాపలావాడు చెప్పి ఉంటాడు. అంతేనా?

మూల ప్లాటు ఒక్కటే మిగిలిందట. అది మనకే ఉంచాడట. ఆ జాగాతో ఏ సంబంధమూ లేనివాళ్ళను ఎవరినైనా అడిగి రాయి. తొందరగా రాయి.

నీ
దెబోరా


నంద్యాల,
21 జనవరి 1979

దెబోరాకు,

అందరం క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

ఆ జాగా గురించి అడిగాను. మంచిదే అంటున్నారు. కొందరు ఇట్లా అంటారు, కొందరు అట్లా అంటారు. నువ్వు చదువుకున్నదానివి, నీకు తోచినట్టు చెయ్యి. కృపావతిని అడిగినట్టు చెప్పు.

గుల్జార్‌బీ


ఆళ్ళగడ్డ,
4 ఫిబ్రవరి 1979

గుల్జార్‌కు,

నీ ఉత్తరం నాలుగు ముక్కలు. చదివి, వెనక్కి తిప్పి చూశాను, ఇంకేమైనా రాశావేమోనని.

మంచిదే అంటున్నారని రాశావు. ఎవరు అంటున్నారు? నువ్వేమంటున్నావు? నాకు ఉత్తరం రాసేటప్పుడు నువ్వు ఎన్నడూ గుల్జార్‌బీ అని సంతకం పెట్టలేదు. రేషను కార్డు మీద పెట్టినట్టు పెట్టావు. నేనేమైనా తప్పు మాట రాశానా? నిన్ను అంతగా తిప్పడం నాదే తప్పనుకుంటే ఆ సంగతి నేరుగా తిట్టి రాయి, పడతాను.

వచ్చే నెల మొదట్లో రిజిస్ట్రేషన్ అని జ్ఞానప్రకాశం కబురు పెట్టాడు. కాగితాలు అతనే తెస్తాడట. ఇరవై తొమ్మిదేళ్ళు సుద్దముక్క పట్టుకుని కూడబెట్టినది ఒకేసారి ఆ నేలలో పోస్తున్నాను. ఆ తర్వాత మాకు ఇంకో ఇల్లు లేదు. నీళ్ళొస్తే మంచం మీద బల్ల వేసి దాన్ని పైకెత్తడానికి నాలో ఇప్పుడున్న బలం కూడా పదేళ్ళ తర్వాత ఉండదు.

వస్తాయా, రావా? ఒక్క మాట రాయి.

దెబోరా


నంద్యాల,
13 ఫిబ్రవరి 1979

దెబోరా,

వస్తాయి. కొనొద్దు.

ముందు ఆ మాట రాసేశాను, మిగతాది ఇప్పుడు రాస్తాను. జనవరిలో నేను రాసిన ఉత్తరం మా ఆయన పక్కన కూర్చుని చదివించుకున్నాడు. ఒక్కొక్క వాక్యం పైకి చదవమన్నాడు. ఇది ఖాసింబీ చేత పోస్టు చేయిస్తున్నాను. నువ్వు జవాబు రాసేటప్పుడు ఆమె ఇంటికే రాయి.

జరిగింది చెప్తాను. సంక్రాంతి సెలవులు అయిపోయాక సుగుణమ్మకు రవికలు ఇవ్వడానికి పోయాను. గుడిసెలో ఎవరూ లేరు. అందరూ చావడి దగ్గరున్నారు. నాలుగేళ్ళ కిందట వచ్చిన వరదకు నష్టపరిహారం ఇప్పుడు మంజూరైందట. విచారించి రాసుకోవడానికి ఆఫీసరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ముందు మీ సంఘపెద్ద నిలబడి ఉన్నాడు. చంకలో బైబిలు పెట్టుకునే ఉన్నాడు.

"దొరా, మనిషి మునిగే నీళ్ళు. వారం పైన నిలిచినాయి. జొన్న ల్యా, సొప్ప ల్యా, నా ఎద్దులు రెండూ కొట్టకపాయ" అని చెప్తున్నాడు. ఏ భూమి అని ఆఫీసరు అడిగాడు. "అదో, ఆ తెల్లరాళ్ళు నాటింది అంతా నాదే. అంతా మునిగింది" అని చెయ్యి చాపి చూపించాడు. నీ దగ్గర ఎత్తిన చెయ్యి అదే అయ్యుంటుంది.

తర్వాత సుగుణమ్మను పిలిచారు. పుట్టినప్పటి నుంచి నీళ్ళే చూడనిది, తన మామ ఆ వరదలో కొట్టుకుపోయి చచ్చిపోయాడని చెప్పింది. అది నిజం దెబోరా. తుమ్మచెట్టు దగ్గరే శవం దొరికిందట. ఆ ముసలామె ఆ రోజు నాకు చెప్పబోయింది తన మొగుడి సంగతి. ఆ రోజు నోరు మూయించారు. ఈ రోజు ఆమెను అందరికంటే ముందు కూర్చోబెట్టి, "ఏడువు, దొర సూస్తాండాడు" అన్నారు. ఆమె ఏడ్చింది. వాళ్ళు చెప్పినందుకు ఏడ్చిందో, నిజంగానే ఏడ్చిందో నాకు తెలియదు. ఆ చోట నిలబడలేకపోయాను.

పోదామని తిరిగేసరికి సాక్షి అని ఇంకొకరిని పిలిచారు. మా ఆయన ముందుకొచ్చాడు. "నిజమే దొరా, నా కండ్లతో సూసినా" అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను. దాచలేదు, సిగ్గుపడలేదు. కొనేవాళ్ళను తెచ్చిపెడితే కాలనీ వాకిలి దగ్గర రేకుపెట్టెల అంగడికి జాగా ఇస్తానన్నాడట జ్ఞానప్రకాశం. "దెబోరా పేరు చెప్పింది నేనే. నడవల్యాని చెల్లెలుందని గూడా చెప్పినా. ఆస్పత్రి దగ్గర అంటే కాదనదని నాకు తెలుసు" అన్నాడు. చెట్టు సంగతి నేనే ఇంట్లో చెప్పాను, అది కూడా అట్లాగే పోయింది. నీకు రాస్తే ఈ ఇంట్లో ఉండే పని లేదన్నాడు.

నా పెద్దకొడుకు పుట్టినప్పుడు నువ్వు సెలవు పెట్టి వచ్చి మా ఇంట్లో వండి పెట్టావు. ఆ అన్నం తిన్న మనిషి ఈయన. కృపావతి కాళ్ళను అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు ఈయన తిన్న కంచం కడగాలంటే నాకు చెయ్యి రావడం లేదు. అయినా కడుగుతున్నాను.

గుల్జార్


ఆళ్ళగడ్డ,
9 మార్చి 1979

గుల్జార్‌కు,

ఈ ఉత్తరం ఖాసింబీ ఇంటికే పంపుతున్నాను.

అతను వచ్చాడు. జీపులో వచ్చాడు, స్టాంపు కాగితాలు పట్టుకుని. మళ్ళీ ప్రార్థనకు కళ్ళు మూయబోతుంటే వద్దన్నాను. చావడి దగ్గర ఆఫీసరుకు ఏం చెప్పారని అడిగాను. ఎవరు చెప్పారని ఎదురడుగుతాడనుకున్నాను. నీ పేరు బయటపెట్టకూడదని జవాబు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. అతను అడగలేదు. కాసేపు పటాన్ని చుట్ట చుట్టి, మళ్ళీ విప్పాడు.

"టీచరమ్మా, మునిగింది పొలం. ఇప్పుడది పొలం కాదు గదా, ప్లాట్లు" అన్నాడు.

ఎగతాళి కాదు గుల్జార్. మొహం అంత శాంతంగా ఉంది. మంచం మీంచి కృపావతి అంది, "ఆ సంగతి కుందూకు చెప్పినారా అయ్యా?" అని.

అతను దానివైపు చూడకుండా, జరిగేదంతా దేవుని చిత్తం అన్నాడు. దేవుణ్ణి నా ఇంట్లో ఆ నోటితో పలకొద్దని చెప్పాను. అంత పెద్ద మాట నేను ఎవరినీ అనలేదు ఇంతవరకు. కృపావతి తన మీది శాలువా తీసి ఇచ్చేసింది. తీసుకోడేమో అనుకున్నాను. తీసుకున్నాడు. అంచులు సరిచూసి మడతపెట్టి జీపులో పెట్టుకుని పోయాడు.

నీ మీద కోపం లేదని రాస్తే అది ఇంకో అబద్ధం. జనవరి ఉత్తరం మీద కోపముంది. కానీ ఆయన పక్కన కూర్చుని ఉండగా నువ్వు రాసిన ఆ నాలుగు ముక్కల్లో కూడా మంచిదే అని నువ్వనలేదు, అంటున్నారని మాత్రమే రాశావు. ఆ సంగతి నాకు తర్వాత తట్టింది. మీ ఆయన జిలాని గురించి ఏమీ రాయను. ఇన్నాళ్ళూ అన్న అని రాసేదాన్ని.

మిగతా కొన్నవాళ్ళంతా మా సంఘంవాళ్ళే. వేసవి సెలవుల్లో కృపావతిని హన్నమ్మకు అప్పగించి ఒక రోజు వస్తాను. వాళ్ళకు చెప్పాలి.

నీ
దెబోరా


నంద్యాల,
10 జూన్ 1979

దెబోరాకు,

నువ్వు వచ్చి పోయినప్పటి నుంచి ఇక్కడ జరిగినవి రాస్తాను. ఆ ఆదివారం చర్చి బయట నువ్వు అందరినీ నిలబెట్టి చెప్తుంటే నేను గోడ అవతల నిలబడి విన్నాను. ఎవరూ నిన్ను కాదనలేదు చూడు, నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నిజంగా తెలియనివాళ్ళయితే ఏందీ ఏందీ అని మీద పడి అడిగేవాళ్ళు.

మరుసటి వారం యాకోబు మా ఇంటికొచ్చాడు. నీతో పాటు ట్రైనింగు అయిన పంతులే. "మీ టీచరమ్మను కాస్త మెల్లగా మాట్లాడమను. నీళ్ళొస్తాయని నాకూ తెలుసు. కొన్నాక తెలిసింది. నేను అమ్ముకునేదాకన్నా ఊరుకోమను" అన్నాడు. ఎవరికి అమ్ముతావప్పా అని అడిగాను. తెలియనివాళ్ళకు అన్నాడు. పిల్లలకు చదువు చెప్పే మనిషి, నా ఇంట్లో నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి ఆ మాట అన్నాడు. మోసపోయినవాణ్ణి చూసి జాలిపడదామనుకుంటే ఆ జాలి కూడా మిగల్చలేదు.

నీకు చూపించిన మూల ప్లాటు కమలాక్షమ్మ కొన్నది. ఆస్పత్రిలో ఆయాగా చేసిందే, ఆమె. ఒక్కత్తే మనిషి. గోడలు లేచాయి కూడా. నేనే పోయి చెప్పాను. "మా సంఘపెద్ద ముందే చెప్పినాడు, ఓర్వల్యాక నీలాంటోళ్ళు వస్తారని. మా సంఘం సంగతి నీకెందుకమ్మా" అని గేటు వేసుకుంది. బంధువులను పంపి చెప్పిద్దామంటే ఆమెకు ఎవరూ లేరు.

మా ఆయన అంగడిని కాలనీ వాకిలి దగ్గరికి మార్చాడు. వెనక గది కూడా కట్టాడు, అందరం అక్కడికే పోదామన్నాడు. నేను రానన్నాను. పిల్లలూ నేనూ ఇక్కడే ఉన్నాం. ఆయన పొద్దున పోతాడు, సాయంత్రం వచ్చి తింటాడు. నీకు రాశానని తెలిసిపోయింది. ఇంట్లోంచి మాత్రం పొమ్మనలేదు. రవికల మీద వచ్చేదే ఇప్పుడు ఇంటికి ఆధారం, అందుకని అనలేదేమో.

గుల్జార్


ఆళ్ళగడ్డ,
2 అక్టోబరు 1979

గుల్జార్‌కు,

నాలుగు రోజులుగా ఇక్కడ ఒకటే వాన. నంద్యాల బస్సులు ఆగిపోయాయి. కుందూ వంతెన మీద నీళ్ళు పోతున్నాయని డ్రైవర్లు అనుకుంటున్నారు. మీ వీధి మెరకే, అయినా రాయి. జిలాని ఎక్కడున్నాడు? కమలాక్షమ్మను ఎవరైనా తీసుకొచ్చారా?

ఇక్కడ మేం పైవీధిలో అద్దెకు మారాం. ఇల్లు చిన్నది, వాకిలి లేదు. కిటికీ మాత్రం వీధివైపే ఉంది. దాని పక్కన కృపావతి మంచం వేశాను. వక్కిలేరు ఈసారి కూడా మా పాత వీధిలోకి వచ్చింది. పైనుంచి దాన్ని చూస్తూ కృపావతి నా చెయ్యి పట్టుకుంది.

మేం తప్పించుకున్నామని సంతోషించడానికి కూడా సిగ్గుగా ఉంది. వెంటనే రాయి.

నీ
దెబోరా


నంద్యాల,
4 నవంబరు 1979

దెబోరాకు,

ఆలస్యమైంది. చేతులకు వాసన పోయాక రాద్దామనుకున్నాను. పోవడం లేదు, అందుకని రాస్తున్నాను.

మనుషులు దక్కారు. నీళ్ళు పట్టపగలే వచ్చాయి కాబట్టి పరుగెత్తగలిగినవాళ్ళు పరుగెత్తారు. కమలాక్షమ్మ పరుగెత్తలేక అటకెక్కి కూర్చుందట. వంతెన దగ్గరి జాలర్లు తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. మా ఆయన వంతెన మీద నిలబడి, తన రేకుపెట్టెలు ఒకటి వెనక ఒకటి కొట్టుకుపోవడం చూశాడు.

నీళ్ళు తీశాక పోయాను. మోకాలిదాకా బురద. ఆ బురదలో చచ్చిన పందులు, కోళ్ళు, ఎవరిదో పరుపు. సుగుణమ్మ గుడిసె ఉన్నచోట గుంత ఉంది. గోడలన్నిటి మీదా నా ఛాతీ ఎత్తున గీత, ఎవరో తాడు పట్టి గీసినట్టు. జ్ఞానప్రకాశం రోడ్డు మీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అందరికోసం ప్రార్థన చేశాడు. కిందికి దిగలేదు. ప్రార్థన అయ్యాక బండిలోంచి సున్నం మూటలు దింపించాడు. నేను అనుకున్నాను, రోగాలు రాకుండా చల్లడానికి తెచ్చాడని. ఎంతైనా మనిషే కదా అనుకున్నాను.

"గోడలకు బేగా పూసుకోండప్పా. ఆదివారం కొలిమిగుండ్ల నుంచి జాగా సూసేదానికి వస్తాండారు" అన్నాడు.

దెబోరా, అందరూ పూశారు. యాకోబు పంతులు పంచె ఎగ్గట్టి గీత మీద గీకి గీకి పూశాడు. సుగుణమ్మ నీళ్ళు మోసింది. కమలాక్షమ్మ, తలుపు మీద శవంలా వచ్చిన మనిషి, తన గోడకు తానే పూసుకుంది. "అమ్ముకోకపోతే నేను యాడికి పోవాల?" అని నా మొహం చూడకుండా అంది. ఆమె ఒక్కదాని మీదే నాకు కోపం రాలేదు. మా ఆయన కూడా అంగడికి పూస్తున్నాడు. ఆదివారం నన్ను సాయానికి రమ్మన్నాడు. ఆ పని ఎట్లా చేస్తారో చూద్దామని పోయాను. సాయం చేయలేదు.

వాళ్ళు వచ్చారు. మొగుడూ పెళ్ళామూ, చంకలో చంటిబిడ్డ. అతను లారీ మీద పని చేస్తాడట. ఆమెకు ఇరవై ఉంటాయేమో. జ్ఞానప్రకాశం వాళ్ళను వెంటబెట్టుకుని, ఆస్పత్రి దగ్గర, బడి దగ్గర అని చెప్పుకుంటూ వస్తున్నాడు. ఆ లారీ అతను యాకోబును అడిగాడు, మొన్నటి వానకు ఈడికి నీళ్ళొచ్చినాయా అని. రోడ్డుదాకా వచ్చి వెనక్కి పోయాయన్నాడు యాకోబు. కమలాక్షమ్మను అడిగాడు, ఆమె లేదని తల ఊపింది. మా ఆయన్ను అడిగాడు. మా ఆయన కుంచె ముంచుకుంటూ, "రాలా అన్నా" అన్నాడు.

చివరికి అంగడి ముందు కూర్చున్న నన్ను అడిగాడు. అందరి చేతులూ ఆగాయి.

"వచ్చినాయి నాయనా. ఇదో, నా మొగుని అంగట్లో ఈడిదాకా వచ్చినాయి" అని నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాను. "అయిదేండ్ల కింద మనిషిని గూడా తీస్కపోయినాయి. ఆయన పెండ్లాం, ఆ ముసిలామె, ఆడ కూసోనుంది, అడుగు."

అతను నన్ను నమ్మలేదు. ఇంతమంది చెప్పేది అబద్ధమా, నీదొక్కదానిదే నిజమా అన్నాడు. నాకు మా ఆయన మీద ఏదో పగ ఉండి చెప్తున్నాననుకున్నాడు. జ్ఞానప్రకాశం అతని భుజం మీద చెయ్యేసి, ఇంటి గొడవలు అన్నా, పట్టించుకోవద్దు అని నడిపించబోయాడు.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. నేను చెయ్యి పెట్టిన ఎత్తు చూసింది, గోడవైపు చూసింది. బిడ్డను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, గోడ దగ్గరికి పోయి బొటనవేలి గోరుతో గీకింది. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది, పెచ్చులాగా వచ్చేసింది. కింద బురద. వేలు వాసన చూసుకుంది. మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది. వేలు చీరకు తుడుచుకుని రోడ్డువైపు నడిచింది. మొగుడు పిలిచాడు, ఆగలేదు. ఇంకోసారి పిలిచి, అతనూ వెనకాలే పోయాడు.

జ్ఞానప్రకాశం నన్నేమీ అనలేదు. మా ఆయన దగ్గరికొచ్చి, ఆడమనిషిని ఇంట్లో పెట్టుకోలేనివాడికి అంగడెందుకన్నాడు. జాగా ఖాళీ చెయ్యమన్నాడు. యాకోబు నేను పక్కనుంచి పోతుంటే ఉమ్మాడు. కింద పడింది, నా మీద కాదు.

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, సబ్బు పెట్టి చేతులు తోముకున్నాడు, మళ్ళీ తోముకున్నాడు. అన్నం పెట్టాను. సగం తిని కంచం పక్కకు జరిపాడు. అందరి ముందర ఎందుకు చెప్పినావని అడిగాడు.

అడిగినారు గదా, చెప్పినా అన్నాను.

గుల్జార్